ఎనభై వేల పేర్ల వెనక అనసూర్య

కంప్యూటర్ ఎంత నెమ్మదిగా నడిస్తే మనిషికి అంత మేలు! ఈ సంగతి నాకు 1996 జూలై 12న, పొద్దున్నే జొన్నరొట్టె, ఎల్లిపాయకారం తిని, పక్కింటి అనసూర్యకు తోడుగా ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసుకు వెళ్లినప్పుడు తెలిసింది.

ఆమె కార్డు రెన్యువల్‌కు అదే ఆఖరి రోజు. అయిదు దాటితే ఎనిమిదేళ్ల సీనియారిటీ పోతుంది.

రెండేళ్ల కిందట, రెండు వేల పేర్లే ఎక్కించినప్పుడు, ఆ మిషన్ రెప్పపాటులో జవాబిచ్చేదట. ఎంత అమర్యాద! వచ్చిన మనిషిని కూర్చోనివ్వకుండా పంపించేస్తారా? ఇప్పుడు ఎనభై వేల పేర్లు. ఎవరిని వెతకాలన్నా మొదటి పేరు నుంచి ఒక్కొక్కటే చదువుకుంటూ వస్తుంది. ఈలోగా బెంచీ మీద ఒక పెళ్లి సంబంధం కుదిరింది. ఒకామె చేట ఒళ్లో పెట్టుకుని వెయ్యి బీడీలు చుట్టేసింది.

తెర మీద కదిలే పేర్లలో మా ఆవిడ మనోరమ కూడా కనిపించింది. టీచరు ఉద్యోగానికని 1971లో రాయించుకుంది. ఆమె పోయి నాలుగేళ్లు. నేను కాక ఆమెను తలుచుకునేది ఈ మిషన్ ఒక్కటే.

"రిజిస్టర్లున్నప్పుడు నిమిషంల తీస్తుంటిరి గద, జలాల్ సాబ్?" అని క్లర్కు జలాలుద్దీన్‌ను అడిగాను.

"పేజీల అంచుకు అక్షరానికొక అట్టముక్క అంటించుకుంటి సార్. 'అ' కాడ తెరిస్తే అనసూర్య అండ్లనే ఉంటుండె. కంప్యూటర్ల పేర్లెక్కించిన్రు, అట్టముక్కలు చెత్తల ఏసిన్రు."

"చెప్పకపోతిరా?"

"చెప్పిన. గంత పెద్ద కంప్యూటర్‌కు గవెందుకన్నరు."

అలాగని వేగానికి చెయ్యని వైద్యం లేదు. ఏసీ పెట్టారు. చెప్పులు బయట విప్పించారు. కొబ్బరికాయ కొట్టారు. ఇంకా పెద్ద మిషన్ కావాలని పైకి రాశారు. అదీ మొదటి పేరు నుంచే చదువుతుంది, కాకపోతే దర్జాగా.

నాలుగున్నరయింది. "జర జల్దీ చూడున్రి సారూ," అంది అనసూర్య.

"నేనేడ చూస్తున్న బిడ్డా? అది చూస్తుంది."

అయిదూ పదికి పేరు దొరికింది. ఆఫీసరు గారు అయిదుకే ముద్రను బీరువాలో పెట్టి వెళ్లిపోయారు.

"సోమవారం వచ్చి మళ్ల కొత్తగ రాయించుకో," అన్నాడు జలాలుద్దీన్.

"పాతది తీసేస్తరా?"

"పేరు తీసే అధికారం మాకు లేదు బిడ్డా."

ఇకమీద ఆమె లిస్టులో రెండుసార్లు ఉంటుంది, రెండోసారి అందరికంటే చివర. అయ్యా పెద్దలారా, నెమ్మదితనపు మేలంతా నాలాంటి రిటైరైనవాళ్లకే పంచండి. ఉద్యోగం వెతుక్కునే పిల్లకు మాత్రం, దయచేసి, అంచున నాలుగు అట్టముక్కలు అంటించండి.

అనసూర్య కార్డును మడవకుండా సంచిలో పెట్టుకుంది. జలాలుద్దీన్ మా ఇద్దరి వైపు చూడకుండా ఫ్యాను ఆపి, చప్పుడు కానివ్వక తలుపు మూశాడు.