బండి వైరింగ్ విప్పండి, కాపురం నిలబెట్టుకోండి

కాపురాలు బాగుపడాలంటే ప్రతి ఇంట్లో ఒక పాత మోటార్ సైకిల్ ఉండాలి. దాని వైరింగ్ మొత్తం విప్పి హాల్లో పరిచి ఉండాలి. ఇది నా నిశ్చితాభిప్రాయం. నవ్వేవాళ్లు నవ్వండి! నేను మాత్రం మా ఇంట్లోకెల్లా మెత్తని సీటు మీద, వంటింట్లో కూర్చుని, చాలా సీరియస్‌గా రాస్తున్నాను.

మాది మామూలు బండి కాదు, దూర ప్రయాణాల బండి. రెండు పక్కలా సామాను పెట్టెలు, వెనక సోఫాలాంటి సీటు. పెళ్లయిన కొత్తలో మావారు దాన్ని కొని, నన్ను వెనకాల కూర్చోబెట్టుకుని సముద్రం దాకా తీసుకెళ్తానని మాటిచ్చారు. ఆ మాటకి పంతొమ్మిదేళ్లు. ఇంతవరకూ కూరగాయల మార్కెట్ దాటలేదు. హారన్ కొడితే లైటు ఆరిపోయేది, లైటు వేస్తే ఇంజన్ ఆగిపోయేది. నేను దిగి తోసిన దూరమంతా కలిపితే సముద్రం ఎప్పుడో వచ్చేసేది!

చివరికి మెకానిక్‌కి చూపించాం. అతను హెడ్‌లైట్ విప్పి, లోపలికి తొంగిచూసి, మళ్లీ మూసేసి, కొత్త బండి కొనుక్కోమన్నాడు. మావారికి రోషం పొడుచుకొచ్చింది. ఇంట్లో బల్బు మార్చాలన్నా పక్కింటాయన్ని కేకేసే మనిషి, లైట్లూ ఇగ్నిషనూ అన్నీ తనే కొత్తగా వైరింగ్ చేస్తానని భీష్మించుక్కూర్చున్నారు.

షాపులో ఒక పెద్ద చుట్ట వైరు చవగ్గా దొరికిందట. మొత్తం ఎరుపే. వైర్లకు రకరకాల రంగులుంటాయి కదండీ అంటే, "కరెంటుకి రంగేమిటే?" అన్నారు.

నిజమే, కరెంటుకి అక్కర్లేదు. దాన్ని బిగించే మనిషికి అక్కర్లేదూ? ముప్ఫై ఎర్ర వైర్లు హాల్లో పరుచుకున్నాక ఏది హారనో ఏది హెడ్‌లైటో బ్రహ్మదేవుడికి కూడా తెలిసే దారి లేదు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి, నా కుట్టుపెట్టె. ఒక్కో వైరు కొసకి ఒక్కో రంగు దారం కట్టాను. హారన్‌కి చిలకపచ్చ, బ్రేక్ లైటుకి మామిడిచిగురు, ఇగ్నిషన్‌కి నెమలికంఠం, హెడ్‌లైటుకి వంగపండు రంగు.

ఇక్కడే నా దశ తిరిగింది. మావారి లోకంలో మొత్తం ఐదే రంగులు! చిలకపచ్చా, నెమలికంఠమూ రెండూ ఆయనకి ఆకుపచ్చే. మామిడిచిగురంటే రంగు పేరని నమ్మించడానికే నాకు ఒక పూట పట్టింది.

అంతకుముందు మా మధ్య మాటలేమిటి? తాళాలేవి, గ్యాస్ వచ్చిందా, అంతేగా. ఇప్పుడో? ఆఫీసు నుంచి వచ్చి చెప్పులైనా విడవకుండా, "ఏమోయ్, ఇదేం రంగు?" నేను చెప్పేదాకా నా మొహంకేసే చూస్తూ నిలబడటం! పెళ్లయిన కొత్తలో కూడా ఇంత శ్రద్ధ ఎరగను. నాలుగు నెలలు ఇద్దరం నేల మీద పక్కపక్కన కూర్చుని, వైర్ల కొసలకి పిన్నులు బిగించి, వాటిని సాకెట్లలో గుచ్చాం. సంతోషంగా ఉండేది, దాచుకోవడమెందుకు?

మిగతా లాభాలు చెబితే మీరు కుళ్లుకుంటారు. మా ఆడపడుచు వైర్ల మధ్య కాలెక్కడ పెట్టాలో తోచక గుమ్మంలోంచే క్షేమసమాచారాలడిగి వెళ్లిపోయింది. మా అమ్మాయి హాలు దాటి టీవీ దగ్గరికి రాలేక గదిలోనే ఉండి చదువుకుంది. క్లాసులో ఫస్టు! ఒకరోజు నేను ఇంట్లో లేనప్పుడు మావారు సొంత తెలివితో బిగిస్తే, బ్రేకు నొక్కగానే హారన్ మోగింది. అయితే ఏం? ఆగబోతున్నానని నోరు తెరిచి చెప్పే బండి ఇంకెక్కడైనా ఉందా?

మొన్న ఆదివారం పొద్దున్న అన్నీ కుదిరాయి. తాళం తిప్పగానే లైట్లు భగ్గుమన్నాయి, మొదటి కిక్కుకే ఇంజన్ అందుకుంది. నాకు కళ్లు చెమర్చాయి. లోపలికి పరిగెత్తి సముద్రానికని సంచి సర్దుకుని, జడ మళ్లీ గట్టిగా అల్లుకుని బయటికొచ్చాను.

వెనక సీటేదీ?

లేదు. ఇందాక కళ్లనీళ్లలో గమనించనేలేదు. సరదాగా ఇంకో నాలుగు లైట్లు తగిలించారట. వాటికి పెద్ద బ్యాటరీ కావాల్సి వచ్చిందట. అది పాత బ్యాటరీ ఉండే చోట పట్టలేదట. అందుకని నా సీటు పీకేసి, దాని చోట బ్యాటరీని కూర్చోబెట్టారు. పడిపోకుండా రెండు బెల్టులు కూడా కట్టారు. నేను పంతొమ్మిదేళ్లూ బెల్టూ గిల్టూ లేకుండానే కూర్చున్నాను.

"నువ్వు బస్సులో వచ్చెయ్. అక్కడ కలుద్దాం" అన్నారు, ఎంతో ప్రేమగా.

ఒళ్లు మండిపోయింది. మూలన పడేసిన సీటుని దుమ్ము దులిపి వంటింట్లోకి తెచ్చుకున్నాను. ఇందాక చెప్పిన మెత్తని సీటు ఇదే.

ఆ పూట ఆగిపోయిన ప్రయాణానికి ఇవాళ ఆయన బయల్దేరారు. హెల్మెట్ పెట్టుకుని, తాళం తిప్పి కిక్కు కొట్టారు. ఇంజన్ ఉలకలేదు, పలకలేదు. హారన్ మాత్రం వీధి వీధంతా బయటికొచ్చేలా మోగింది. ఇగ్నిషన్ పిన్నూ హారన్ పిన్నూ ఒకదాని చోటికి ఇంకొకటి ఎలా వెళ్లాయో నన్నడక్కండి. నాలుగు నెలలు పిన్నులు గుచ్చిన చేతులివి, అంతవరకే చెప్పగలను.

ఇదిగో, ఈ ముక్క రాస్తుండగానే హెల్మెట్టుతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏమోయ్, ఒక్కసారి వచ్చి చూడు. రెండూ ఆకుపచ్చగానే ఉన్నాయి."

నేను లేచి, సీటు తీసి ఆయన చేతిలో పెట్టాను. "ముందు దీన్ని దాని చోట బిగించండి. అప్పుడు చెప్తాను."

"మరి బ్యాటరీ?" అన్నారు పాపం, అయోమయంగా.

"బస్సులో పంపించండి. అక్కడ కలుద్దాం."