డార్నల్‌లో శుక్రవారం పేలుళ్ళు

శుక్రవారం పొద్దున్న గిరిధరరావు అనుకున్న పనులు మూడే: స్నానం, యంత్రానికి పూజ, ఆపైన మంగమ్మగారి ఇంట్లో అందరి నోళ్ళూ మూయించడం. మూడోదానికి అతనికి హక్కు ఎవరిచ్చారని అడక్కండి. నాకూ ఒళ్ళు మండుతూనే ఉంది.

అది 1997. భూమి లోపల అణుబాంబులు పేల్చి చూడకూడదని చాలా దేశాలు అంతకు ముందు ఏడాదే సంతకాలు పెట్టాయి. ఎవరైనా దొంగచాటుగా పేలిస్తే భూమి అదురు పట్టేసే యంత్రంతో హైదరాబాదు నుంచి దిగాడీ మహానుభావుడు. దక్షిణాఫ్రికాలో మనవాళ్ళు ఎప్పుడో చెరకు కూలికి వెళ్ళి స్థిరపడ్డ డార్నల్‌లో మంగమ్మగారి వెనక గది అద్దెకు తీసుకుని, పెరట్లో గొయ్యి తవ్వించి, యంత్రాన్ని దించి, పైన సిమెంటు పలక మూయించాడు. గదిలో తిరిగే డ్రమ్ము కాగితం మీద సూది గీత గీస్తూ ఉంటుంది. రెండు నెలల పరీక్షలో గీత శుభ్రంగా వస్తే స్టేషనూ ఉద్యోగమూ నిలుస్తాయి. లేకపోతే మూటాముల్లె సర్దుకోవడమే.

మొదటి నెల తిరక్కుండానే ప్రిటోరియా పెద్దాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ప్రతి శుక్రవారం ఏడుంపావుకి ఒక దెబ్బ పడుతోంది, చూస్తే పేలుడులాగే ఉంది, మిగతా ఏ స్టేషనూ దాన్ని పట్టలేదు కనక అది మీ పెరట్లోదే, కనిపెట్టండి అని. గిరిధరరావు మంగమ్మగారి కొడుకు రాజెన్ సామాన్లు మోసే బకీ బండిని వీధి చివరకు తరిమాడు. ఎందుకైనా మంచిదని ఆ శుక్రవారం పలక మీద ఒక కొబ్బరికాయకు బదులు రెండు కొట్టాడు. దెబ్బలు రెండు పడ్డాయని ఇంకో ఉత్తరం వచ్చింది. ఇంటి కుక్కను సీ కౌ లేక్ అనే ఊళ్ళో చుట్టాలింటికి పంపించి, ఐదు కాయలు కొట్టాడు. దెబ్బలు ఐదయ్యాయి. ఇంటివాళ్ళు తన మీద పగబట్టారని అతనికి రూఢి అయిపోయింది. పీహెచ్‌డీ చేసిన బుర్ర మరి!

ఈ శుక్రవారం పెద్దాఫీసు ఇంజనీరు లోగన్ స్వయంగా వచ్చి డ్రమ్ము ముందు కూర్చున్నాడు. దెబ్బ పడితే యంత్రాన్ని పీక్కుపోతాడు. సరిగ్గా ఇవాళే మంగమ్మగారి మనవరాలు రాఖీకి పసుపు దంచాలి. పెళ్ళి ఆదివారం. ముహూర్తం ఏడు నుంచి ఎనిమిది లోపల. రోకలికి పసుపుకొమ్ము కట్టి ముత్తయిదువలు సిద్ధంగా ఉన్నారు. గిరిధరరావు వెళ్ళి రోలుకు అడ్డంగా నిలబడ్డాడు.

"మామ్మగారూ, ఇవాళ రోకలి ఎత్తారంటే నా ఉద్యోగం పోతుంది."

"రావుబాబూ, నీ మిషన్ సముద్రం అవతల బాంబు వింటది అన్నావు. నా పిల్ల పసుపు కొడితే దానికి కోపమా?"

"పేలుళ్ళు మీ ఇంట్లోంచే వస్తున్నాయండీ."

మంగమ్మగారు రోకలి కింద పెట్టింది. "మా ముత్తవ్వ ఓడలో తెచ్చింది ఈ రోకలి. ఇన్నేళ్ళు తెల్లోడు కూడా ఆపమనలే. నువ్వు మనోడివి. నువ్వు ఆపమంటావు."

అతనికి చీమ కుట్టినట్టయినా లేదు. ఇల్లంతా ఊపిరి బిగబట్టి కూర్చుంది. రాఖీ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ముహూర్తం కరిగిపోతోంది. ఏడుంపావుకి గిరిధరరావు పట్టుపంచె కట్టుకుని, పదకొండు కాయలతో పెరట్లోకి వెళ్ళాడు. ఈ ఒక్కరోజు దెబ్బ పడకుండా చూడమని దణ్ణం పెట్టుకుని, పలకకేసి మొదటి కాయ కొట్టాడు.

గదిలో సూది కాగితం అంచుదాకా ఎగిరింది. దెబ్బ పడిందని లోగన్ కిటికీలోంచి చెప్పాడు. గిరిధరరావు కంగారుపడి గబగబా మరో మూడు కొట్టాడు. సూది మూడుసార్లు ఎగిరింది. లోగన్ బయటికి వచ్చి పగిలిన చిప్పల్నీ పలకనూ చూసి, పోయిన వారాల్లో ఎన్నేసి కొట్టావని మెల్లగా అడిగాడు.

"ఒకటి," అన్నాడు గిరిధరరావు. "తర్వాత రెండు. తర్వాత..." చేతిలోని ఐదో కాయకేసి చూసుకున్నాడు.

మంగమ్మగారు ఇంకేమీ వినకుండా రోకలి అందుకుంది. ముహూర్తం ఇంకా అరగంట ఉంది. దంచుతుంటే డ్రమ్ము మీద చిన్న చిన్న అలలు వరసగా వచ్చాయి. దీన్ని బాంబు అనుకునేవాడు పుట్టలేదని లోగన్ తేల్చాడు. పూజ ఇక ఇంట్లోనే చేసుకోవాలన్న షరతు మీద స్టేషను ఉంచాడు. గిరిధరరావు క్షమించమంటూ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నోరు కాదు, చెయ్యి ఆడించు," అంది మంగమ్మగారు. "పగలగొట్టినవన్నీ కూర్చుని తురుము."

యంత్రం చాలా సున్నితంగా ఉందని లోగన్ నివేదికలో రాశాడు. మనిషి గురించి ఏమీ రాయలేదు.