అమ్మ మోకాళ్ళూ, నా జీపు ఎత్తూ

మీ బండి కింద నుంచి వీధి కుక్క వంగకుండా దాటలేకపోతోందా? అయితే క్షమించాలి, మీరు జీవితంలో ఇంకా పైకి రాలేదు!

కోప్పడకండి. నిన్నమొన్నటి దాకా నేనూ మీలాంటివాణ్ణే. నేలకి జానెడు ఎత్తులో కూర్చుని, ముందు పోయే లారీ బంపరే ప్రపంచం అనుకుంటూ బతికినవాణ్ణే. ఇప్పుడు నా సంగతి వేరు. నా చిన్న ఫోర్ వీల్ డ్రైవ్ జీపుని లేపించాను. అంటే చక్రాలకీ బాడీకీ మధ్య ఎడం పెంచి, బండిని మూరెడు పైకి ఎత్తించాను. అదీ అతి తక్కువ ఖర్చులో! దీనివల్ల మనిషికీ, కుటుంబానికీ, సమాజానికీ కలిగే మేలు ఇంతా అంతా కాదు. కాస్త ఓపిగ్గా వినండి.

ముందు బండి ఎందుకు కొన్నానో చెప్పాలి. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు. వారం వారం ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి. బస్సు మెట్టు ఎక్కలేక ఆవిడ పడే అవస్థ చూడలేక, సెకండ్ హ్యాండ్‌లో ఈ బుల్లి జీపు కొన్నాను. పాతదే అయినా నిక్షేపంలా ఉండేది. సీటు సరిగ్గా అమ్మకి అందే ఎత్తులో ఉండేది. తలుపు తీయగానే వెనక్కి తిరిగి కూర్చుని, ఒక్కో కాలూ లోపలికి లాక్కునేది. "మన బండి అంటే మన బండేరా," అని మురిసిపోయేది.

అంతా సవ్యంగా సాగుతుంటే మా బావమరిది ఊడిపడ్డాడు.

బండి చుట్టూ ఒకసారి తిరిగి, టైరుని కాలితో తన్ని, పెదవి విరిచాడు. "బావా, ఏమీ అనుకోనంటే ఒక మాట. నీ బండి ముసలాళ్ళ బండిలా ఉంది."

"ముసలావిడ కోసమే కదరా కొన్నది?"

"అది సరే. కానీ ఇది ఫోర్ వీల్ డ్రైవ్ బావా! కొండలెక్కాల్సిన బండి. రేపెక్కడైనా వాగు అడ్డొస్తే ఏం చేస్తావ్?"

మా ఇంటికీ ఆఫీసుకీ మధ్య వాగు లేదు. కొండ అంతకన్నా లేదు. ఉన్నదల్లా ఒక స్పీడ్ బ్రేకర్. అయినా ఆ మాట వినగానే నా గుండె గుభేలుమంది. నిజమే కదా, వాగు అడ్డొస్తే? ఆ రోజు నుంచి రోడ్డు మీద నీళ్ళు కనిపిస్తే చాలు, బండి ఆపి, దిగి, లోతెంతో చూడటం మొదలుపెట్టాను. ఎవరో బట్టలుతికి పారబోసిన నీళ్ళే అన్నీ. కానీ జాగ్రత్త మంచిదే కదండీ?

బజార్లో అసలైన లిఫ్ట్ కిట్ దొరుకుతుంది. స్ప్రింగులూ, షాక్ అబ్జార్బర్లూ, అన్నీ కొలత ప్రకారం. దాని ధర విన్నాక, ఆ డబ్బుతో ఇంకో జీపు కొని దీని కింద పెట్టినా లేస్తుంది కదా అనిపించింది. అలాంటి సమయంలో నాలాంటివాడికి దిక్కు ఎవరు? మా మెకానిక్! ఆయన్ని అందరూ 'ఏంకాదు' అనే పిలుస్తారు. ఏ బండి ఏ రోగంతో వెళ్ళినా ఆయన నోటి నుంచి వచ్చే మొదటి మాట అదే మరి.

"షెడ్లో పాత వ్యాను కమాన్ పట్టీలు, అదే చక్రాల మీద బండిని మోసే ఇనప పట్టీలు, పడున్నాయి సార్," అన్నాడాయన, బండి కింద నుంచి తల బయటపెట్టి. "మీ పట్టీలు తీసేసి అవి బిగిస్తే, బండి దానంతటదే లేస్తుంది. మీ పాతవి నాకొదిలేయండి, మజూరీలో తగ్గించుకుంటాను."

"వ్యానువంటే బాగా గట్టిగా ఉంటాయేమో? చిన్న జీపు కదా ఇది."

"ఏం కాదు సార్."

ఒక్కటే చిక్కు. నా దగ్గరున్న డబ్బు రెండు చక్రాలకే సరిపోయింది. ఇక్కడే మీరు నా తెలివి చూడాలి! ఫ్రిజ్ వాయిదాల్లో కొంటున్నాం, ఫోను వాయిదాల్లో కొంటున్నాం, మరి ఎత్తు మాత్రం వాయిదాల్లో ఎందుకు పెరగకూడదు? ఈ నెల వెనక చక్రాలు, జీతం వచ్చాక ముందు చక్రాలు. ఇంజినీరింగ్ చరిత్రలో ఇలాంటి ఆలోచన ఎవరికీ వచ్చి ఉండదని నా నమ్మకం. మెకానిక్ క్షణం కూడా ఆలోచించలేదు. "ఏం కాదు సార్," అని పానా అందుకున్నాడు.

ఆ నెలంతా నా జీపు వెనక భాగం ఆకాశంలో, ముక్కు నేల మీద. ఎదురొచ్చిన ప్రతివాడికీ వంగి నమస్కారం పెడుతున్నట్టు ఉండేది. వినయం మంచిది కాదంటారా? లోపల కూర్చున్నవాళ్ళం కూడా ఊరికే ముందుకి జారిపోయేవాళ్ళం. బ్రేకు వేసినప్పుడల్లా వెనక సీట్లోంచి మా ఆవిడ, పక్క సీట్లోంచి అమ్మ, నేను, అందరం అద్దం దగ్గర కలుసుకునేవాళ్ళం. ఈ రోజుల్లో ఏ కుటుంబం ఇంత దగ్గరగా ఉంటోందో చెప్పండి!

"ఒరేయ్," అనేది అమ్మ, రెండు చేతులూ డాష్‌బోర్డుకి ఆనించి. "మనం వెళ్తున్నామా, పడిపోతున్నామా?"

"ఇంకొక్క నెల ఓపిక పట్టమ్మా. బండి సమానం అయిపోతుంది."

జీతం వచ్చింది. ముందు చక్రాలూ లేచాయి. కాకపోతే షెడ్లో మిగిలిన పట్టీలు ఇంకాస్త మందం. దాంతో ఈసారి ముక్కే పైకి లేచింది. మొన్నటి దాకా నేలచూపులు చూసిన హెడ్‌లైట్లు సరాసరి ఎదురింటి మేడ మీద గదిలో వెలిగాయి. మేడ మీద ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి నా వంశంలో అందర్నీ పేరు పేరునా పలకరించాడు. ఇన్నేళ్ళుగా ఒకే వీధిలో ఉంటున్నాం, మా మధ్య మాటామంతీ మొదలైంది మాత్రం అప్పుడే.

బండి పోర్టికోలో పట్టడం మానేసింది. టాపు స్లాబుకి రాసుకుని సున్నం రాలాక గానీ ఆ సంగతి అర్థం కాలేదు. ఇప్పుడు బండి వీధిలో, ఎండలో ఉంటుంది. పోర్టికో ఖాళీ. ఇంటికి ఎంత గాలి, ఎంత వెలుతురు!

గతుకుల సంగతి అడుగుతారా? వ్యాను పట్టీలు పౌరుషం గలవి, వంగవు. గొయ్యి వస్తే బండి మొత్తం ఎగురుతుంది. బండితో పాటు నేను, నాతో పాటు నా టిఫిన్ డబ్బా. మునుపు గొయ్యి వచ్చిందీ పోయిందీ తెలిసేది కాదు. ఇప్పుడు మా ఊరి గోతులన్నీ నా నెత్తికి కంఠతా వచ్చు. మలుపుల్లో బండి ఒక పక్కకి ఒరుగుతోందని మెకానిక్‌తో చెప్పాను. "ఏం కాదు సార్. అది అటు ఒరిగినప్పుడు మీరు ఇటు ఒరగండి," అన్నాడు. కూర్చున్న చోటే వ్యాయామం!

ఇక ఆఫీసులో నా హోదా చూడాలి. నాకు ప్రమోషన్ రాక చాలా కాలమైంది. అయితేనేం? పార్కింగ్‌లో మా మేనేజర్ గారి కారు పక్కన జీపు ఆపితే, నేను పైన, ఆయన కింద. ఆయన కారు టాపు మీద ఎంత దుమ్ము పేరుకుందో ఆఫీసు మొత్తంలో నాకొక్కడికే తెలుసు. కళ్ళు నెత్తికెక్కాయని వెనకాల అనుకుంటారట. అనుకోనివ్వండి. జీపు ఎక్కినవాణ్ణి, కళ్ళు మాత్రం కింద ఎందుకుంటాయి?

ఎక్కడం అంటే గుర్తొచ్చింది. అదే కొంచెం... సరే, అదీ చెప్పేస్తాను.

జీపు మెట్టు ఇప్పుడు బస్సు మెట్టు కన్నా ఎత్తు. కంగారేం లేదు, వంటింటి స్టూలు ఉంది. మా ఆవిడ స్టూలు వేస్తుంది. అమ్మ దాని మీద ఒక కాలు పెడుతుంది, రెండో కాలు దగ్గర ఆగిపోతుంది. నేను లోపల నుంచి చేతులు పట్టుకుని లాగుతాను, మా ఆవిడ కింద నుంచి తోస్తుంది. అమ్మ ఎక్కాక స్టూలు లోపల పెట్టి, మా ఆవిడ గోడ దూకే దొంగలా ఎగబాకుతుంది. క్లినిక్ దగ్గర ఇదంతా తిరగేసి మళ్ళీ చేస్తాం. చుట్టుపక్కలవాళ్ళు పని మానుకుని చూస్తారు. ఏ ఇంటి ప్రయాణానికి ఇంత ఆదరణ ఉంటుంది చెప్పండి!

"ఏవండీ, అత్తయ్య ఎక్కేటప్పుడు పళ్ళు బిగబడుతున్నారు, చూశారా?" అంది మా ఆవిడ ఒకసారి.

"అలవాటు పడాలి. కండరాలకి మంచిది," అన్నాను.

నేనన్నదే నిజమైంది! ఇక్కడ మీరు కాస్త శ్రద్ధగా వినాలి, నా వాదనకంతటికీ ఇదే ఆయువుపట్టు. తర్వాతి వారం నేను స్టూలు పట్టుకుని సిద్ధంగా ఉంటే అమ్మ చెయ్యి ఊపేసింది. "క్లినిక్‌కి వద్దులేరా. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. నొప్పే తెలీడంలేదు." ఆ పై వారమూ అదే మాట. ఆ తర్వాత అడగడమే మానేశాను. ఏళ్ళ తరబడి మందులకి లొంగని నొప్పి నా జీపు రెండుసార్లు ఎక్కితే లొంగింది! ఆఫీసులో అందరికీ చెప్పాను. మోకాళ్ళ నొప్పులున్న తల్లులు ఉంటే జీపులు లేపించండి అని సలహా కూడా ఇచ్చాను. ఒక గుమాస్తా నిజంగానే మెకానిక్ నంబరు అడిగి రాసుకున్నాడు.

అలాంటి రోజుల్లోనే ఒకనాడు ఆఫీసు పని మీద బజారుకి వెళ్ళాను. సిగ్నల్ దగ్గర ఆగాను. నా ఎత్తు నుంచి అన్నీ కనిపిస్తున్నాయి. కార్ల టాపులు, స్కూటర్లవాళ్ళ బట్టతలలు, ముందు వరసలో ఒక ఆటో. ఆటో పక్కనుంచి ఒక చెయ్యి బయటికి వచ్చి, గాలిలో ఏదో కథ చెబుతోంది. ఆ చెయ్యి నాకు తెలుసు. నాకు అన్నం తినిపించిన చెయ్యి.

అమ్మ! పక్కన మా ఆవిడ. ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు. ఆటో డ్రైవరు కూడా వెనక్కి తిరిగి నవ్వుతున్నాడు.

సిగ్నల్ పడింది. ఆఫీసు పని గాలికొదిలేసి ఆటో వెనకే పోయాను. అది తిన్నగా వెళ్ళి ఫిజియోథెరపీ క్లినిక్ గుమ్మం ముందు ఆగింది. అమ్మ ఒక కాలు కింద పెట్టింది, రెండో కాలు పెట్టింది, నిలబడింది. అంతే! స్టూలు లేదు, లాగడం లేదు, తొయ్యడం లేదు. చీమంత ఎత్తున్న ఆ ఆటోని చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. "అమ్మా!" అని అరిచి, తలుపు తీసి, ఎంత ఎత్తులో ఉన్నానో మరిచిపోయి దిగాను.

దిగాను అనడం మర్యాద కోసం. పడ్డాను. మోకాలు కలుక్కుమంది.

ఆటో డ్రైవరూ, మా ఆవిడా చెరో రెక్క పట్టుకుని లోపలికి మోసుకెళ్ళారు. ఫిజియోథెరపీ అమ్మాయి నన్ను అమ్మ పక్క మంచం మీదే పడుకోబెట్టి, మోకాలు నొక్కి చూసింది. "కొన్ని వారాలు రావాలి మీరు. మధ్యలో మానకూడదు. మీ అమ్మగారిని చూసి నేర్చుకోండి, ఒక్క వారం మానలేదు," అంది.

నేను అమ్మ వైపు తిరిగాను. అమ్మ పైకప్పు చూస్తోంది.

"నొప్పి లేదన్నావుగా?"

"నీకు బండంటే ప్రాణం కదరా," అంది అమ్మ మెల్లిగా. "ఎక్కలేకపోతున్నానంటే నీ మొహం చిన్నబోతుంది. కోడల్నీ చెప్పొద్దన్నాను. దాన్నేం అనకు."

నాకు చచ్చేంత సిగ్గేసింది. ఇన్నాళ్ళూ అంత ఎత్తు నుంచి ఊరంతా చూశాను గానీ, పక్కన పళ్ళు బిగబట్టి ఎక్కుతున్న మనిషిని చూడలేదు. బస్సు మెట్టు ఎక్కలేకపోతోందని అమ్మ కోసం బండి కొని, ఆ బండిని బస్సు కన్నా ఎత్తు చేసి, అమ్మ చేత అబద్ధం ఆడించినవాణ్ణి నేను. పాఠకులారా, మీరు మాత్రం నవ్వకండి. మీ నాన్నగారికని కొన్న టీవీకి ఎన్ని రిమోట్లున్నాయో, ఆయన దాన్ని చివరిసారి ఎప్పుడు పెట్టుకున్నారో ఒకసారి కనుక్కోండి. 'నాకు టీవీ అంటే ఇష్టం లేదులే' అని ఆయన అంటే అస్సలు నమ్మకండి.

మర్నాడే మెకానిక్‌కి ఫోన్ చేశాను, బండి దింపాలని.

"దింపుదాం సార్, ఏం కాదు. కాకపోతే మీ పాత పట్టీలు ఎప్పుడో వేరే బండికి వేసేశాను. కొత్తవి కొనాలి."

అంటే పైకి లేవడం నాలాంటివాడి బడ్జెట్‌లో అయిపోతుంది గానీ, కిందికి దిగడం మాత్రం డబ్బున్నవాళ్ళ పని అన్నమాట. ప్రస్తుతానికి జీపు వీధిలో నిలబడి ఉంది. చాలా ఠీవిగా ఉంటుంది, వచ్చి చూడొచ్చు. దెబ్బ తగిలింది క్లచ్ తొక్కే కాలికే కాబట్టి ఎవరైనా నడపగలవాళ్ళు వస్తే సంతోషిస్తాను, కొనుక్కుంటామంటే మరీ సంతోషం.

వారం వారం మేం ముగ్గురం ఆటోలో వెళ్తున్నాం. మధ్యలో అమ్మ, అటు మా ఆవిడ, ఇటు నేను. ఇంతకాలం బండి మోతలో నాకు వినిపించని కబుర్లన్నీ అమ్మ ఇప్పుడు దారి పొడవునా చెబుతోంది. ఎదురింటాయన మీద, డాక్టర్ల మీద, చిన్నప్పుడు నేను చేసిన వెధవ పనుల మీద. మొన్న క్లినిక్ నుంచి వస్తుంటే నా మోకాలి మీద చెయ్యి వేసి అడిగింది.

"ఎలా ఉందిరా?"

"బాగా తగ్గిందమ్మా. ఇంకెన్నాళ్ళో పట్టదట."

అమ్మ చెయ్యి తియ్యలేదు.

"మరీ అంత తొందరగా తగ్గించుకోకురా," అంది.