రాజుగారికి అమ్మవారు పోసింది

ఆ పొద్దు చిన్నవెంకటప్ప పెట్టుకున్న పని చాలా చిన్నది. మర్నాడు జాతరలో కథ చెప్పాల్సిన పటాన్ని కాసేపు గాలికి వేలాడదీయాలి. గంగమ్మను ఎగతాళి చేసిన రాజు కథ అది, నిలువెత్తు గుడ్డ మీద తాతలనాటి రంగుల్లో. బయట చినుకులు. ఎలుకా, పరాయి మనిషీ దూరని చోటు ఆ ఇంట్లో పట్టుపురుగుల గది ఒక్కటే. అక్కడే దూలానికి కట్టాడు. గూడు కట్టే తావు కోసం తలలెత్తి వెతుకుతున్న పురుగుల తట్టకు పటం అంచు తగిలిందని చూసుకోలేదు.

తెల్లారేసరికి రాజుగారి ముఖం నిండా పసుపుపచ్చ గూళ్లు!

మరకపడ్డ పటాన్ని చెరువులో వదిలేయాలని కట్టుబాటు. ఆపైన కథ చెప్పే హక్కు దాయాది సుబ్బరాయప్పకు పోతుంది. చిన్నవెంకటప్ప గూళ్లు పీకేయడానికి చెయ్యి చాచాడు.

"ముట్టి చూడు!" భార్య అక్కయమ్మ అడ్డం పడింది. "నడమ పోగు తెగితే పంట పోతాది. నెల దినాలు ఆకు కోసి మేపినాను."

"నా కథ పోతా ఉండాదే!"

"నీ రాజుకు నేను మేత ఎయ్యలేదు."

అంతలో పటం చూసిపోదామని ఊరిపెద్ద దొడ్డమునియప్ప వచ్చాడు. చాంపియన్ రీఫ్స్ బంగారు గని చీకట్లో కళ్లు అరగదీసుకుని, అది మూతపడ్డాక ఊరు చేరినవాడు. పురుగుల గదిలోకి పరాయివాళ్లు రాకూడదు గనుక గడప బయటే నిలబడి కళ్లు చికిలించాడు.

"రాజు మొకం మింద ఏందప్పా అవి?"

మొగుడు నోరు తెరిచేలోగా అక్కయమ్మ అందుకుంది. "అమ్మవారు పోసిందన్నా. ముట్టకూడదు."

దొడ్డమునియప్ప చెప్పులు విడిచి చెంపలు వేసుకున్నాడు. "గంగమ్మను ఎగతాళి చేసినోడికి కాకపోతే ఇంగెవురికి పోస్తాదమ్మా!"

జాతర జాతరంతా ఆ ఇంటికే కదిలింది. వేపమండలు, పసుపునీళ్లు, రాగి అంబలి. ఆండర్సన్‌పేట నుంచి ఆటోల నిండా జనం. చిన్నవెంకటప్ప గడపలో కూర్చునే కథ నడిపాడు. గంగమ్మ శాపం దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికి పూనకం వచ్చింది. సుబ్బరాయప్ప మాత్రం తొంగిచూసి, "ఇవి పట్టుగూళ్లు గదప్పా!" అన్నాడు.

"నోరు కడుక్కో! కండ్లు పోతాయి!" అని ఊరు ఊరంతా మీద పడింది. ఆయనా చెంపలు వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు.

గూళ్లు గట్టిపడ్డాక అక్కయమ్మ వాటిని ఒలిచి బుట్టకెత్తింది. రాజు చెంపల మీద మిగిలిన మరకలను జనం అమ్మవారి మచ్చలన్నారు. మచ్చలకు కట్టుబాటు లేదు. పటం దక్కింది, హక్కూ దక్కింది.

బుట్టతో సంతకు బయలుదేరబోతే వాకిట్లో డప్పులు మోగాయి.

"అమ్మవారి ముత్యాలు తల్లీ," అన్నాడు దొడ్డమునియప్ప చేతులు జోడించి. "అమ్మేదానికి లేదు. చెరువుకే పోవాల."

అక్కయమ్మ మొగుడి వైపు చూసింది. "ముట్టకూడదన్నింది నువ్వే గదే," అని గొణిగి అతను పటం చుట్టుకున్నాడు.

కోలారు జిల్లాలో ఆ ఏడు డప్పులతో సాగనంపిన పట్టుపంట అదొక్కటే.