పళ్ళ డాక్టరుగారి డోకు

సోమవారం పొద్దున పళ్ళ డాక్టరు అద్దం ముందు నిలబడి వారానికి సరిపడా ఏర్పాటు ఒకటి చేసుకున్నాడు. క్లినిక్‌లో ఎలాగూ రోజంతా మూతికి మాస్కు ఉంటుంది. ఆ మాస్కు చాటున అల్లుడిచ్చిన రబ్బరు మౌత్‌పీసు నోట్లో పెట్టుకుని పని చేసుకుంటాడు. ఆదివారం నాటికి అది అలవాటైపోతుంది. ఎవరికీ తెలియదు, ఎవరినీ అడగనక్కర్లేదు. ఏర్పాటులో ఎక్కడా లోపం కనబడలేదు. అద్దం ముందు చేసుకున్న ఏర్పాట్లలో సాధారణంగా కనబడదు.

అల్లుడిది సముద్రంలో పని. మనుషుల వీపుకు గాలి సిలిండరు కట్టి, నీటి అడుగుకు తీసుకువెళ్ళి, చేపల్ని చూపించి, మళ్ళీ ప్రాణాలతో పైకి తెస్తాడు. మొన్న రెండు కుటుంబాలూ కలిసి భోజనానికి కూర్చున్నప్పుడు మాటల్లో మాటగా, "కొందరికి గాలి పీల్చే మౌత్‌పీసు నోట్లో పెట్టగానే డోకొస్తుంది మామయ్యగారూ. పాపం, ఒడ్డునే ఆగిపోతారు" అన్నాడు.

డాక్టరు నవ్వాడు. "డోకనేది గొంతులో ఉండదోయ్, బుర్రలో ఉంటుంది. నా కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ చెబుతాను ఈ మాట. ఆదివారం నన్ను దింపు, నీకే తెలుస్తుంది."

వియ్యంకుడు విన్నాడు, వియ్యపురాలు విన్నది, భార్య గర్వంగా చూసింది. అలవాటు చేసుకొమ్మని అల్లుడు సంచీలోంచి ఒక మౌత్‌పీసు తీసి చేతిలో పెట్టాడు. డాక్టరు ఇంటికి వచ్చి దాన్ని నోట్లో పెట్టుకున్నాడు. తిన్న భోజనమంతా తిరిగి వచ్చింది. నోరా వీపుకు చేటు తేకే అన్నారు పెద్దలు. ఇక్కడ చేటు వీపుదాకా కూడా వెళ్ళలేదు, నోట్లోనే ఆగింది.

రోగులకు ఆయన చెప్పే కిటుకు ఒక్కటే: ముక్కుతో గాలి పీల్చండి. నీళ్ళలో మొహానికి కట్టే అద్దంతో ముక్కు మూసుకుపోయి ఉంటుంది కాబట్టి ఆ విద్యా చెల్లదు. ఆదివారం వియ్యాలవారందరి ముందూ పడవలో డోకితే, ఆ తరవాత ఆయన మాట మీద నమ్మకంతో ఏ రోగి నోరు తెరుస్తాడు? అంతకంటే ముఖ్యం, ఏ అల్లుడు లెక్కచేస్తాడు?

సోమ, మంగళవారాలు బాగానే గడిచాయి. నిముషం నోరు మూయని డాక్టరు ఊరుకున్నాడేమిటని రోగులు అనుకున్నారు గాని, పళ్ళ డాక్టరు మాట్లాడడం లేదని బాధపడేవాడు లోకంలో లేడు. బుధవారం వియ్యంకుడు వచ్చాడు.

వియ్యంకుడికి బట్టల కొట్టుంది. రెండు తుమ్ములు వరసగా వస్తే అందరికీ అప్పగింతలు పెట్టే రకం. దవడ పట్టుకుని వచ్చి కుర్చీలో వాలాడు.

"నిద్ర లేదు బావగారూ. కాస్త నిదానంగా చూడండి. ఏదున్నా దాచకండి."

డాక్టరు తల ఊపి, దీపం దగ్గరికి లాగి, నోట్లోకి వంగాడు. వంగడంతో మౌత్‌పీసు వెనక్కి జారింది. గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. మాస్కు తీస్తే గుట్టు వియ్యంకుడికి తెలుస్తుంది, వియ్యంకుడికి తెలిస్తే సాయంత్రానికి అల్లుడికి తెలుస్తుంది. డాక్టరు ఊపిరి బిగబట్టాడు. కళ్ళు ఎర్రబడ్డాయి, నీళ్ళు నిండాయి, ఒక చుక్క జారి వియ్యంకుడి చెంప మీద పడింది.

"ఏవుంది బావగారూ?" అన్నాడు వియ్యంకుడు, తెరిచిన నోటితో అనగలిగినంత.

డాక్టరు ఆయన భుజం గట్టిగా పట్టుకుని నొక్కాడు. పట్టుకోవడానికి దగ్గరలో ఇంకేమీ లేదు.

"తీపి... మానెయ్యమంటారా?"

అడ్డు తప్పుకోమన్నట్టు డాక్టరు చెయ్యి విసిరి, మాస్కు రెండు చేతులా అదిమిపట్టుకుని లోపలి గదిలోకి పరుగెత్తాడు. ఆ గదికి మసక అద్దం తలుపు. అద్దం వెనక డాక్టరు భుజాలు ఎగసిపడడం వియ్యంకుడు కుర్చీలోంచి కళ్ళారా చూశాడు.

కాసేపటికి క్లినిక్ అమ్మాయి మాత్రలు తెచ్చి ఇచ్చింది. "ప్రస్తుతానికి ఇవి వేసుకోమన్నారండీ. మిగతాది ఆదివారం వెళ్ళాక చూద్దామన్నారు."

"ఆదివారందాకా ఉంటానన్నారా?" అన్నాడు వియ్యంకుడు.

"ఎవరండీ?" అంది ఆ అమ్మాయి.

ఇంటికి వెళ్ళి భార్యను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "సొంత కూతుర్ని మనింటికి పంపిన రోజున కూడా ఆ మనిషి కంట తడి పెట్టలేదే. అలాంటివాడు నా నోట్లోకి చూసి ఏడ్చాడు. తీపి మానెయ్యాలా అంటే అదేం అక్కర్లేదన్నట్టు చెయ్యి విసిరి, తినమన్నాడు."

ఏడ్చాడన్నప్పుడు ఆవిడ నిబ్బరంగానే ఉంది. తీపి తినమన్నాడనేసరికి కూలబడింది. పళ్ళ డాక్టరే ఆ మాట అన్నాక ఇంక ఆశేముంది?

ఫోను తీసి డాక్టరు భార్యకు చేసింది. "వదినగారూ, అన్నయ్యగారిని ఒక్క మాట అడిగి చెప్పండి. ఎలాంటిదైనా తట్టుకుంటాను."

డాక్టరు భార్య ఫోను పట్టుకునే వెతుక్కుంటూ వెళ్ళింది. బాత్రూం తలుపు గడియ పెట్టి ఉంది. లోపల డాక్టరు మోకాళ్ళ మీద కూర్చుని, నోట్లో మౌత్‌పీసు, బకెట్లో మొహం పెట్టి సాధన చేస్తున్నాడు. ఆవిడ తలుపుకు చెవి ఆనించింది. ఓ వెక్కు, ఓ గుటక, మళ్ళీ వెక్కు.

"ఏమండీ! మీ బావగారి సంగతేనా?"

లోపల నీళ్ళ చప్పుడయింది. "నన్ను కాసేపు వదిలెయ్యవే, నీకు పుణ్యముంటుంది!"

"తలుపేసుకుని ఏడుస్తున్నారు వదినగారూ," అంది ఆవిడ ఫోనులో, తానూ ఏడుస్తూ. "నా కాపురంలో ఆయన్నిలా ఎప్పుడూ చూళ్ళేదు."

డాక్టరుని మరోసారి గట్టిగా అడుగుదామంటే వియ్యంకుడే వద్దన్నాడు. "ఇప్పటికే కుమిలిపోతున్నాడు, ఇంకా బాధపెట్టడం దేనికి?" అని కొడుకుని పిలిపించాడు. కొట్టు వదిలేసి నీళ్ళలో దిగుతానన్ననాటినుంచీ ఆ తండ్రీ కొడుకుల మధ్య మాటలు పొడి పొడి. అలాంటిది కొడుకు చెయ్యి పట్టుకుని, "నువ్వు చేసే పనేమిటో ఒక్కసారి చూసి పోవాలనుందిరా" అన్నాడు. కొడుకు ఆ చేతిలో మొహం దాచుకున్నాడు.

ఆదివారం పొద్దున డాక్టరు ఉరికంబం ఎక్కినట్టు పడవెక్కాడు. అప్పటికీ గట్టిగా నాలుగు శ్వాసలు తీసేసరికి గొంతు తిరగబడుతూనే ఉంది. పడవలో అందరి మొహాలూ వాడిపోయి ఉన్నాయి. అల్లుడు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"మామయ్యగారూ, ఇవాళ నాన్నని దింపుతాను. మీరు ఇంకోసారి దిగుదురుగాని. ఏమీ అనుకోరుగా?"

పడవ పక్కకు ఒరిగి మళ్ళీ నిలబడ్డట్టయింది డాక్టరుకు. "అయ్యో, దాందేముంది! మీ నాన్నే దిగనీ. అయినా ఆయనకేమిటి ఈ సరదా?"

"చివరి కోరిక కదా. మీరే చూశారుగా, ఎక్కువ రోజులు లేవని..."

డాక్టరుకు అప్పుడు అంతా అర్థమైంది. నిజం చెబితే వియ్యంకుడు బతుకుతాడు, తాను చస్తాడు. చెప్పకపోతే ఈ పూటకు ఇద్దరికీ సుఖమే. డాక్టరు తల దించుకుని మౌనంగా ఉండిపోయాడు. ఈసారి నోట్లో ఏమీ లేదు.

వియ్యంకుడు దిగాడు. చాలాసేపటికి పైకి వచ్చాడు. వెళ్ళినప్పటి మొహం కాదది.

"ఒరేయ్, ఇదట్రా నువ్వు చేసే పని! ఇన్నాళ్ళూ కొట్లో కూర్చోమని నిన్ను చంపుకుతిన్నానా!" అని తడి బట్టలతోనే కొడుకుని కావలించుకున్నాడు.

"మౌత్‌పీసు ఇబ్బంది పెట్టిందా నాన్నా?"

"ఏ మౌత్‌పీసు?" అన్నాడు వియ్యంకుడు.

డాక్టరు సముద్రంకేసి చూస్తూ కూర్చున్నాడు. అంతలో వియ్యంకుడు వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఇంకొక్కటే కోరిక బావగారూ. మనిద్దరం కలిసి ఓసారి దిగాలి. కాదనకండి, పోయేవాణ్ణి."

అల్లుడు ఉత్సాహంగా, "చెరో చెయ్యీ పట్టుకుంటాను, ఇక్కడ లోతు కూడా లేదు" అన్నాడు.

డాక్టరు లేచి నిలబడ్డాడు. "బావగారూ, మీరు పోవడం లేదు. మీకున్నది పుచ్చుపన్ను. ఆ రోజు నేను ఏడవలేదు. మాస్కులో మౌత్‌పీసు ఉంది, నాకు డోకొచ్చింది. బాత్రూంలోనూ అదే!"

వియ్యపురాలు కొంగుతో కళ్ళొత్తుకుంది. "చూశారా వదినగారూ ఆ మనసు! ఈయనకి ధైర్యం చెప్పడానికి తన పరువు తానే తీసుకుంటున్నారు."

"నిజమమ్మా! కావాలంటే ఇదిగో, చూడండి!" అని డాక్టరు జేబులోంచి మౌత్‌పీసు తీసి నోట్లో పెట్టుకున్నాడు.

అందరూ ఎదురుచూశారు. డాక్టరూ ఎదురుచూశాడు. ఏమీ రాలేదు. ఇంకాస్త లోపలికి తోశాడు. పడవ ఊగింది, కడుపు ఊగింది, గొంతు మాత్రం బుద్ధిమంతుడైన పిల్లవాడిలా చేతులు కట్టుకు కూర్చుంది. వారమంతా చేసిన సాధన, చూసి చూసి, సరిగ్గా ఆ క్షణాన ఫలించింది.

"ఇంక చాలు మామయ్యగారూ," అన్నాడు అల్లుడు గద్గదంగా, ఆయన వీపుకు సిలిండరు కడుతూ.

నీటి అడుగున అంతా నిశ్శబ్దం. డాక్టరు మెల్లగా ఊపిరి తీశాడు, వదిలాడు. ఇదేనా ఇంతసేపూ భయపడింది అనుకున్నాడు కూడా. అంతలో ఒక పసుపు చేప ఎక్కడినుంచో వచ్చి ఆయన మొహం ముందు నిలిచి, తల అటూ ఇటూ వాల్చి, నోటికేసి పరీక్షగా చూడసాగింది. అచ్చం తాను రోగుల నోళ్ళు చూసేటట్టే. అప్పుడు వచ్చింది డోకు. డాక్టరు మౌత్‌పీసుని బిగించి పట్టుకుని, మింగి, మళ్ళీ మింగి, దాన్ని గెలిచాడు. గెలిచేసరికి మొహానికి కట్టిన అద్దం లోపల రెండు కళ్ళూ ఏరులై పారుతున్నాయి. పక్కనుంచి వియ్యంకుడు తిరిగి చూశాడు.

పడవ ఎక్కగానే వియ్యంకుడు భార్య పక్కన కూర్చుని తల తుడుచుకుంటూ అన్నాడు: "ఇంక ఆశలు పెట్టుకోకే. నీళ్ళ అడుగున కూడా ఏడుస్తూనే ఉన్నాడు."