మా చౌకీని పెద్దగ కట్టొద్దు!

సూరత్‌ల మా మగ్గాల బస్తీ పోలీస్ చౌకీ ఇరుకైందట. పెద్దగ కట్టాలని బస్తీ అన్నలు దరఖాస్తు రాసి, సంతకం కోసం నా దగ్గరికీ వచ్చిన్రు. నేను పెట్టలే! ఈ కరోనా కాలంల మనకు మిగిలిన ఒక్క సుఖం ఆ చౌకీనే. దాన్ని కూడ చెడగొడ్తరా?

జర ఆలోచించుండ్రి. గది పదడుగులు. ఆరడుగుల దూరం ఉండాలె, నేల మీద సున్నంతోని గుండ్రాలు గీయుండ్రని పైనుంచి ఆర్డర్. ఒక్క గుండ్రమే పట్టింది. అందుల పదకొండు మందిమి నిలబడ్డం. రూలంటే రూలే! గీత దాటినోడు ఒక్కడు లేడు.

ఫైళ్లకు జాగా లేక లాకప్‌ల పెట్టిన్రు. దొంగలు లాకప్ బయట, గదిలనే బల్ల మీద కూసుంటరు. ఫైళ్లకు తాళం, దొంగలకు చాయ్! ఇన్నేండ్లల్ల ఒక్క ఫైలన్న పారిపోయిందా? దొంగ మాత్రం ఎట్ల పోతడు? తలుపు దాకా చేరాలంటే పది మందిని తొక్కాలె.

ఇగ ఆ బల్ల మహిమ చూడుండ్రి! మా బస్తీ కమలాకర్, వెంకటయ్య నల్లా కాడ తలలు పగలగొట్టుకొని ఒకని మీద ఒకడు కేసు పెట్టవచ్చిన్రు. నాలుగు రోజులు ఒకటే బల్ల మీద తొడలు రాసుకుంట కూసున్నరు. అయిదో రోజు ఇద్దరు కలిసి, మధ్యల దూరవచ్చిన మూడోవాని మీద లడాయికి పోయిన్రు! గింత దోస్తీ ఏ పెద్ద స్టేషన్‌ల కుదురుతది?

నా సంగతే చెప్త. లాక్‌డౌన్‌ల మా ఇంటామె గంగవ్వకు బీపీ గోళీలు తేబోతే నా సైకిలు పట్టుకున్నరు. మిల్లులు తెరిచినంక అడగవోయిన. నడిచిపోతే మిల్లుకు గంటన్నర. "ఆలస్యమైతే నీ మగ్గాలు వేరేటోనికి ఇస్త" అన్నడు మేస్త్రి. సైకిలు చౌకీ వాకిట్లనే ఉన్నది, పట్టుకొచ్చిన బండ్ల కుప్ప కింద. హ్యాండిలు, దాని గంట మాత్రం కనబడ్తయ్.

చౌకీల గోల మిల్లుల మా మగ్గాల షెడ్డును మించింది. జమాదార్, అంటే చౌకీ హెడ్ కానిస్టేబుల్, ఏందో కాయితం చదువుతుండు. నా మూతికి మాస్కు. షెడ్డుల మేం సైగలతోనే మాట్లాడుకుంటం. బొటనవేలు లేపితే "దారం తెగింది, ఆపు" అని. జర ఆగి నా మాట వినుమని నేనూ లేపిన.

జమాదార్ మొఖం వెలిగిపోయింది. "శాబాష్ కాకా! సమజ్‌దార్ ఆద్మీ!" అని ఆ వేలు పట్టుకొని సిరాల ముంచి కాయితం మీద ఒత్తిండు.

గుజరాతీ కాయితం. బయట, మా షెడ్డులనే పనిచేసే బుచ్చిరాములుతోని చదివించిన. "సైకిలు ముట్టింది" అని ఉన్నదట!

మళ్ల పోతే జమాదార్ దండం పెట్టిండు. "కాకా, నీ కేసు క్లోజ్! సైకిలు ఇచ్చేసినం. ఇప్పుడు దాన్ని ముట్టుకుంటే దొంగతనమైతది." ఆయన తప్పేమున్నది? తీయాలంటే ముప్పై బండ్లు దించాలె. దించి ఏడ పెడ్తడు? రోడ్డు మీద పెడితే మళ్ల పోలీసులే పట్టుకుంటరు!

గంగవ్వకే సమజ్ కాదు. "సైకిలు ముట్టిందంట గదా, యాడున్నదయ్యా? జేబుల పెట్టుకున్నవా?" అంటది.

నష్టమేం లేదు. రోజుకు మూడు గంటల నడక! డాక్టరు ఫీజు లేని ఎక్సర్‌సైజు! పోంగ పోంగ చౌకీ కాడ ఆగి, కుప్పల చెయ్యి దూర్చి గంట కొడ్త. మోగుతది. అట్ల ఆగే నిన్న లేటైన. నా పన్నెండు మగ్గాలల్ల ఆరింటిని మేస్త్రి బుచ్చిరాములుకు ఇచ్చిండు.

దరఖాస్తు పట్టుకొచ్చిన అన్నలారా, ఇంకొక్కసారి రాండ్రి. పెద్ద బిల్డింగు గిట్ట నాకొద్దు. ఒక సైకిలు నడిపించుకుంట బయటికొచ్చేంత సందు అని రాయుండ్రి, చాలు. కలం మాత్రం మరిచిపోకుండ్రి. మూడో తరగతి దాకా చదివినోణ్ని, సంతకమే పెడ్త.

వేలు మాత్రం లేప!