ఏడుగురి రక్తం

మన ఊళ్లో ఇకపై ఎవరికీ మతి చలించదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. పాతికేళ్ల లోపు వాళ్ల రక్తం చూసి, రేపు ఎవరికి చలించబోతోందో ఇవాళే చెప్పే యంత్రం పెద్దాసుపత్రికి వచ్చింది.

యంత్రానికి ముందుగా ఆరోగ్యవంతుల రక్తం చూపించాలట. ఊరంతా వెతికే శ్రమ లేకుండా ఆరోగ్య సంఘం సభ్యులు ఏడుగురూ తమదే ఇచ్చారు. తాము ఆరోగ్యవంతులమని ఏకగ్రీవంగా తీర్మానించుకున్నాకే ఇచ్చారు లెండి. సగటు వయసు అరవై మూడు. ఆ రక్తాన్ని పోలని కుర్ర రక్తమంతా అనుమానాస్పదం.

లిఫ్టు మెకానిక్ కూతురి రక్తం పోలలేదు. పిల్లకి ఇరవయ్యేళ్లు, సోమవారం రైలు సిగ్నళ్ల శిక్షణలో చేరాలి. 'ముప్పు సూచన కలదు, జబ్బు లేదు' అని చీటీ ఇచ్చారు. చదువుకున్నవాళ్లకు ఆ రెండింటికీ తేడా తెలుసు గనక శిక్షణ మాత్రమే ఆపారు. మూడు నెలలు గమనించి డాక్టరు సంతకం పెడితే చేర్చుకుంటారట.

గమనించే బాధ్యత ఊరే నెత్తిన వేసుకుంది. ఎదురింటివాళ్లు కిటికీ తెరలు తీసేశారు. పిల్ల నవ్వితే ఎందుకు నవ్విందని, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని చర్చించారు. స్నేహితురాళ్లు ఆమె మేలు కోరి రావడం మానేశారు. మేనత్త కత్తిపీట దాచేసి, కూర తరగవేమే అని దెప్పింది.

గడువు నాటికి తండ్రీకూతుళ్లు డాక్టరు ముందు కూర్చున్నారు.

"నిద్ర పడుతోందా అమ్మా?"

"లేదండీ. అందరూ నన్నే చూస్తున్నారు. నేను రాగానే మాటలాపేస్తున్నారు."

డాక్టరు ముఖం వెలిగిపోయింది. యంత్రం ఎంత ఖచ్చితం!

"నిజంగానే చూస్తున్నారండీ," అన్నాడు మెకానిక్.

"మీక్కూడా అనిపిస్తోందా? ఎన్నాళ్లనుంచి?" డాక్టరు రెండో కాగితం తీశారు.

"నువ్వూరుకో నాన్నా," అంది పిల్ల మెల్లగా. "ఇంట్లో మిగిలింది నీ ఉద్యోగమొక్కటే."

సంతకం పడలేదు. సీటు వేరే అభ్యర్థికి వెళ్లింది. అతగాడికి ఎరుపు, ఆకుపచ్చ ఒకేలా కనబడతాయి గానీ, రక్తం మాత్రం అచ్చం సంఘం వారిదే.

విజయోత్సవ సభలో సంఘాధ్యక్షులు వినయంగా మాట్లాడారు. "ఈ ఘనత యంత్రానిది కాదు. జబ్బు రాబోతోందని మాత్రమే అది చెప్పింది. రప్పించింది మీరు."

చప్పట్లు చాలాసేపు మోగాయి. మీరూ కొట్టారు.